కళాశాల విద్యార్థియు పరిశోధనమును

గత వేసవిలో మా వీధి కుఱ్ఱవాడొకడు నా కార్యాలయమునకు వచ్చెను. డిగ్రీ నాల్గవ సంవత్సరమున నున్నాడు, రసాయనశాస్త్రము చదువుచున్నాడు. "బాబాయిగారూ, రీసెర్చి ప్రాజెక్టు రాయమన్నారండి. మీరు పుస్తకాలు చదువుతారు కదా, ఒక టాపిక్కు చెప్పండి. ఇంటర్నెట్టులో మెటీరియల్ బాగా దొరికేదైతే చాలు" అనెను.

ఆ చివరిమాట నన్ను చాలదినములు విడువలేదు. వాడు సోమరి కాడు. మార్కులు బాగుగనే తెచ్చుకొన్నాడు. అయినను పరిశోధనమనగా దొరకినదానిని పోగుచేసి బైండు చేయించుట యని వాని నమ్మకము. ఈ నమ్మకము వాడు పుట్టించుకొన్నది కాదు. పదునైదేండ్లుగా చదువన్న నొకరు చెప్పినదానిని మరల నప్పగించుటయే యని మనము వానికి నేర్పితిమి. పదునాఱవయేట హఠాత్తుగా, "ఇక నెవ్వరును చెప్పనిది నీవు చెప్పుము" అనుచున్నాము. జిరాక్సు దుకాణములలో సిద్ధముగా బైండు చేసిన ప్రాజెక్టులు అమ్ముడుపోవుటకు ఆశ్చర్యపడ నేల?

యూనివర్సిటీ గ్రాంట్సు కమిషనువారు 2022 డిసెంబరులో ప్రకటించిన పాఠ్యక్రమ ప్రణాళిక ననుసరించి, మొదటి ఆఱు సెమిస్టరులలో నూటికి 75 మార్కులు గాని అంతకు మించి గాని సంపాదించిన విద్యార్థి నాల్గవయేట పరిశోధన శాఖను కోరుకొనవచ్చును. అట్టివాడు 12 క్రెడిట్ల విలువగల పరిశోధన వ్యాసమును సమర్పింపవలెను. ఉద్దేశము ఉత్తమమైనదే. పూర్వము ఎం.ఏ., ఎం.ఎస్సీ. దాటినవారికే పరిమితమైన పని యిపుడు ఇరువది యేండ్ల విద్యార్థి చేతికి వచ్చినది. కాని పని చేతికిచ్చినవారు పనిముట్టు నిచ్చిరా యనునదియే ప్రశ్న.

మా వృత్తిలోని యుపమానము నొకదానిని చెప్పుదును. పాఠ్యపుస్తకము తీర్పువంటిది. పరిశోధనము విచారణవంటిది. తీర్పు చదివినవానికి అంతయు ముందే స్పష్టముగా నున్నట్లు తోచును. సాక్షి తడబడుటయు, దస్తావేజు ఆలస్యముగా దొరకుటయు, వకీలు తప్పుదారి పట్టి వెనుకకు వచ్చుటయు తీర్పులో కనబడవు. మన విద్యార్థులు తీర్పులను మాత్రమే చదువుచున్నారు. విచారణ నొక్కనాడును చూడలేదు.

అందుచేత నొక విచారణను చూపింతును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మన పాఠకులెఱిగినదే. మెట్రిక్యులేషను పరీక్షలో తప్పి, మరల తప్పి, మూడవ ప్రయత్నమున నెగ్గినవాడు. ఆయన అమెరికాకు పోయి హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కు అను నాచార్యుని యొద్ద చేరి చేసిన మొదటి పని యేమి? క్రొత్త మందును కనుగొనుట కాదు, రోగమును జయించుటయు కాదు. రక్తమునందును మూత్రమునందును భాస్వర మెంత యున్నదో సరిగా కొలుచుటకు మంచి పద్ధతి నేర్పఱచుట. ఇంతే.

కొలత యంతకుముందు లేకపోలేదు. బెల్, డాయిసీ యనువారు 1920లో నొక పద్ధతిని ప్రకటించిరి. బ్రిగ్స్ 1922లో దానిని సవరించెను. ఫిస్కు, సుబ్బారావుగార్లు ఈ యిద్దఱి పనిని చదివి, అందులోని లోపములను తెలిసికొని, వేఱొక ద్రవ్యమును వాడి రంగు త్వరగాను నిలుకడగాను వచ్చునట్లు చేసిరి. పద్ధతి సులభమే. ద్రవములోని ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి, తగిన ద్రవ్యమును చేర్చినచో నీలిరంగు వచ్చును. ఆ నీలము ఎంత చిక్కగా నున్నచో భాస్వరమంత యున్నట్లు. తెలిసిన మోతాదుగల ద్రవముతో సరిపోల్చి లెక్క కట్టవలెను. ఈ వ్యాసము 1925లో అచ్చుపడినది. జీవరసాయన శాస్త్రమున నత్యధికముగా నుదాహరింపబడిన వ్యాసములలో నిది యొకటి. కొలత పద్ధతిని బాగుచేయుట చిన్నపనియని యెవరైన ననుకొన్నచో, ఈ సంగతిని జ్ఞాపకము పెట్టుకొనవలెను.

అసలు కథ తరువాత నున్నది. ఈ పద్ధతితో కండరమునుండి తీసిన రసమును పరీక్షించినప్పుడు నీలిరంగు రావలసినంత వేగముగా రాలేదు. మొదట పలుచగా నుండి, నిమిషములు గడచినకొలది చిక్కబడుచుండెను. స్వచ్ఛమైన ఫాస్ఫేటు ద్రవములో నీ యాలస్యము లేదు. ఇచట మనలో ననేకులు చేయునదేమి? "ప్రయోగములో నేదో పొరబా"టని, రంగు నిలుకడకు వచ్చువఱకు వేచి, చివరి యంకెను వ్రాసికొని ముందునకు పోవుదురు. వారు పోలేదు. ఆ యాలస్యమునకు కారణమేమని యడిగిరి. రంగును అడ్డగించు ద్రవ్యమేదైన నున్నదా యని వెదకిరి. తుదకు, కండరములోని భాస్వరములో కొంతభాగము వేఱొక పదార్థముతో బంధింపబడి యున్నదనియు, పరీక్షకు వాడు ఆమ్లములో నా బంధము మెల్లగా విడిపోవుటచేతనే రంగు మెల్లగా వచ్చుచున్నదనియు తేల్చిరి. ఆ రెండవ పదార్థము క్రియాటిను. కండరములో క్రియాటిను కలదని 1830 ప్రాంతమునుండియు శాస్త్రజ్ఞులెఱుగుదురు. అది యచట నేమి చేయుచున్నదో మాత్ర మెవరికిని తెలియదు. కండరము పనిచేయునపుడు ఈ సంయోగ పదార్థము తగ్గుచు, విశ్రమించునపుడు మరల పెరుగుచున్నదని చూపుటతో దాదాపు నూఱేండ్ల ప్రశ్నకు త్రోవ దొరకినది. ఇది 1927వ సంవత్సరపు మాట. అదే యేట లండనులో ఎగిల్టన్ దంపతులు ఈ పదార్థమునే వేఱుమార్గమున గుర్తించి వేఱొక పేరు పెట్టిరి. 1929లో కండరశక్తికి మూలమైన ఏ.టి.పి. విషయమునను నిట్లే జరిగినది: జర్మనీలో లోమను, అమెరికాలో ఫిస్కు సుబ్బారావుగార్లు ఒకే సంవత్సరమున ప్రకటించిరి. సముద్రమునకు ఆవలనున్న యపరిచితులు అదే ప్రశ్నపై పనిచేయుచుండుట పరిశోధనలో సామాన్యము. మనవాడు ముందా, పరాయివాడు ముందా యని తగవులాడుటకన్న, ఇద్దఱును వేర్వేఱుగా నదే ఫలితమునకు వచ్చుటచేత ఫలితమునకు బలము కలిగినదని గ్రహించుట మేలు.

ఇంకొక సంగతి. కండరము లాక్టిక్ ఆమ్లముచేతనే పనిచేయుచున్నదను సిద్ధాంతము ఆ దినములలో రాజ్యమేలుచుండెను. ఆ రంగమున చేసిన కృషికే హిల్, మేయర్‌హాఫ్ అనువారికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. 1930లో లుండ్స్‌గార్డ్ అను డేనిష్ శాస్త్రజ్ఞుడు, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ నాపివేసినను కండరము సంకోచించుచునే యున్నదని ప్రయోగముచేసి చూపెను. హిల్ తన సిద్ధాంతమును పట్టుకొని కూర్చుండలేదు. 1932లో తన శాస్త్రమునందు విప్లవము వచ్చినదని తానే వ్యాసము వ్రాసెను. నోబెల్ బహుమానము పొందినవాడు "నేను పొరబడితిని" అని యొప్పుకొనగల సభ యిది. మన సభలలో నెన్ని యిట్టివి కలవో పాఠకులే యోచింతురుగాక.

ఇక మన విద్యార్థికి వత్తము. వాడు మొదట నేర్వవలసినది చదువుట. పరీక్షకై చదువుట వేఱు, పరిశోధనకై చదువుట వేఱు. వ్యాసము నొకదానిని చేతికి తీసికొన్నప్పుడు, ఇతడేమి అడిగినాడు, ఎట్లు కొలిచినాడు, ఎన్నిమారులు కొలిచినాడు, కొలిచినదానికన్న నెక్కువ చెప్పుచున్నాడా యని యడుగుచు చదువవలెను. మొదటిమారు సారాంశమును, చివరిభాగమును చూచి, పనికివచ్చునని తోచినపుడే నడిమి భాగమును పట్టుట మంచిది; మొదటి యక్షరమునుండి చివరి యక్షరమువఱకు నన్నిటిని చదువబూనినవాడు మూడవ వ్యాసముకడ నలసిపోవును. చదివినదానిని తన మాటలలో వ్రాసికొనవలెను. పేరు, సంవత్సరము, పుట అప్పుడే గుర్తించుకొనవలెను. తరువాత వెదకుకొందమనుకొన్న పుట తరువాత దొరకదు. ఇది నా యనుభవము.

అనుభవమన్నాను గనుక నా సిగ్గునుగూడ చెప్పుదును. వకీలుపని మొదలుపెట్టిన క్రొత్తలో నొక భూతగాదాలో వ్యాఖ్యాన గ్రంథమునుండి యొక వాక్యమును తీసికొని, ఫలానా తీర్పులో నిట్లు చెప్పబడినదని ఘనముగా వాదించితిని. న్యాయమూర్తిగారు శాంతముగా, "ఆ తీర్పును మీరు చదివినారా?" అని యడిగిరి. చదువలేదు. తీర్పును తెప్పించి చూడగా, ఆ వాక్యము న్యాయస్థానపు నిర్ణయము కాదు. ఓడిపోయిన పక్షపు వకీలుగారి వాదము! వ్యాఖ్యానకర్త పొరబడినాడు, నేను వాని పొరబాటును భుజమున మోసికొనిపోయి న్యాయస్థానమున దించితిని. ఆనాటినుండి మూలమును చూడక యొక్క మాటయు నుదాహరింపనని నియమము పెట్టుకొంటిని.

నేడు ఈ ప్రమాదము వేయిరెట్లయినది. 2023లో న్యూయార్కు నగరపు ఫెడరల్ న్యాయస్థానమున నిద్దఱు వకీళ్ళు కృత్రిమమేధా యంత్రము నడిగి పూర్వపు తీర్పుల నుదాహరించిరి. అందులో నాఱు తీర్పులు ప్రపంచమున నెచ్చటను లేవు. యంత్రమే వానిని కల్పించినది. న్యాయమూర్తి 5,000 డాలర్ల జుల్మానా విధించెను. ఇట్టి యంత్రములు నేడు ప్రతి విద్యార్థి చేతిలోని ఫోనులో నున్నవి. వానిని వాడవలదని నేను చెప్పను, చెప్పినను వినువారెవరు? కాని యంత్రము చెప్పిన వ్యాసము నిజముగా నున్నదా, ఉన్నచో నందులో నామాట యున్నదా యని తెఱచి చూచు పనిని యంత్రమున కప్పగింపరాదు. కట్టుసాక్షిని బోనులో నిలిపిన వకీలునకు, లేని గ్రంథము నుదాహరించిన విద్యార్థికి భేదము నాకు కనబడదు.

పుస్తకములోనున్నది ఆ శాస్త్రపు నిన్నటి సంగతి. నేటి సంగతి పత్రికలలో నుండును. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖరు ఈ భేదమును తెలిసికొన్న తీరు ప్రసిద్ధము. 1928లో సామర్‌ఫెల్డు అను జర్మను పండితుడు మదరాసునకు వచ్చినపుడు, ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థియైన చంద్రశేఖరు ఆయనను చూడబోయి, ఆయన వ్రాసిన పరమాణు గ్రంథము నంతయు చదివితినని చెప్పెను. ఆ గ్రంథము వ్రాసిన తరువాత శాస్త్రమే మాఱిపోయినదని సామర్‌ఫెల్డు చెప్పి, లోహములలోని యెలక్ట్రానులనుగూర్చి తాను వ్రాసి యింకను వెలువడని వ్యాసపు ప్రూఫులను వాని చేతిలో పెట్టెను. పదునెనిమిదేండ్లవాడు ఇతరుడైనచో నుస్సురని కూర్చుండెడివాడు. చంద్రశేఖరు గ్రంథాలయమునకు పోయి క్రొత్త వ్యాసముల నన్నిటిని వెదకి చదివెను. కొలది నెలలలో తానే యొక వ్యాసము వ్రాసి కేంబ్రిడ్జిలోని ఫౌలరునకు పంపెను. అది 1929లో లండను రాయల్ సొసైటీ పత్రికలో వెలువడినది. నేర్చినది పాతబడినదని వినుటయే వాని పరిశోధనమునకు ప్రారంభము. ఇతని పినతండ్రి రామనుగారును విశాఖపట్టణమున చదివి యదే కళాశాలకు పోయి, 1906లో విద్యార్థిగా నుండగనే తన మొదటి వ్యాసమును ఇంగ్లండు పత్రికలో ప్రకటించెను. కావున కళాశాల విద్యార్థికి పరిశోధన మేటికను పెద్దలకు చెప్పదగిన జవాబు మనకు కలదు. ఐతే వీరిరువురు అసాధారణులు. సాధారణ విద్యార్థి రాయల్ సొసైటీకి వ్రాయనక్కఱలేదు. మంచి ప్రశ్న యొకటి యడిగి, దానికి నిజాయితీగా జవాబు వెదకినచో చాలును.

వ్యాసము వ్రాసినతోడనే పని ముగియదు. మంచి పత్రిక దానిని అదే రంగమున పనిచేయు మఱి యిద్దఱు ముగ్గురికి పంపును. వారు తప్పులు వెదకుదురు. ఇది క్రాసు పరీక్షవంటిది. విద్యార్థులు దీనిని అవమానముగా తలచుచున్నారు, అదృష్టముగా తలపవలెను. అయినను ఈ పరీక్ష నెగ్గినదంతయు సత్యమనుకొనరాదు. కొవిడ్ కాలమున 2020 మే 22న ప్రఖ్యాతమైన లాన్సెట్ పత్రిక యొక పెద్ద వ్యాసమును ప్రకటించి, మూలలెక్కలను సరిచూచుటకు వీలులేకపోవుటచేత జూన్ 4న నుపసంహరించినది. పదునాలుగు దినములైనను కాలేదు. ముద్రించినవారు పరువుగలవారని కాక, లెక్కలు చూపగలిగిరా లేదా యని యడుగుట యుక్తము.

దీనికి వ్యతిరేకముగా, డబ్బు పంపినచో నేదైనను ముద్రించు పత్రికలు మనదేశమున పుట్టగొడుగులవలె మొలచినవి. ఉద్యోగమునకు, ప్రమోషనునకు వ్యాసముల లెక్క కావలసివచ్చుటయే యీ వ్యాపారమునకు పెట్టుబడి. మంచి పత్రికల జాబితానొకదానిని గ్రాంట్సు కమిషనువారు కొంతకాలము నిర్వహించి 2025లో దానిని మానివేసిరి. ఇక మంచిచెడ్డలు చూచుకొను భారము ఆయా విద్యాసంస్థలదే. డాక్టరేటునకు ముందు వ్యాసమును ప్రకటించియే తీరవలెనను నియమమునుగూడ 2022లో తొలగించిరి. ఈ రెండవది మంచిపని యని నా యభిప్రాయము. బలవంతపు వ్యాసము ఎవరికిని పనికిరాదు.

గ్రంథచౌర్యమునుగూర్చి 2018 నిబంధనలు కలవు. పోలిక నూటికి 10 వఱకున్నచో శిక్ష లేదు. 10 నుండి 40 వఱకున్నచో సవరించి మరల సమర్పింపవలెను. 40 నుండి 60 వఱకున్నచో నొక సంవత్సరము సమర్పించుటకు వీలులేదు. 60 దాటినచో రిజిస్ట్రేషనే రద్దగును. విద్యార్థులు దీనినెట్లు గ్రహించిరి? పదిపాళ్ళు దొంగిలించుటకు లైసెన్సు దొరకినదని! మాటలు మార్చి పదవపాలికి లోపల నిలుపు విద్యయే నేడు పరిశోధనా నైపుణ్యముగా చెలామణి యగుచున్నది. యంత్రము మాటల పోలికను చూచును. ఆలోచనను దొంగిలించినచో దానికి తెలియదు. ఎవని యూహయో వాని పేరు చెప్పుట మర్యాద. ఆ పేరును తరువాతివాడు పట్టుకొని మూలమునకు పోవుటకు త్రోవయు నదియే.

చదువుటకు సాధనములు లేవనుట యిపుడు పూర్తిగా నిజము కాదు. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గ మొక పథకము నంగీకరించినది. 2025, 2026, 2027 సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు వెచ్చించి, 30 ప్రచురణసంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులు చదువుకొనునట్లు ఏర్పాటు చేసిరి. జిల్లాపట్టణపు ప్రభుత్వ కళాశాలలోని బాలిక యిపుడు హార్వర్డులోని వాడు చదువు పత్రికను చదువవచ్చును. ఆమెకీ సంగతి యెవరైన చెప్పిరా? మఱియు మన పిల్లలలో పెక్కుమంది ప్రైవేటు కళాశాలలలోనే యున్నారు. పథకము మొదలైనపుడు వారిని చేర్చుకొనలేదు. వారిని విడిచిపెట్టుట న్యాయము కాదు. దేశమందలి విశ్వవిద్యాలయముల థీసిసులు శోధ్‌గంగ యను భాండారమున నెవరైనను చూడవచ్చును. అందు మంచివియు చెడ్డవియు గలవు. చెడ్డ థీసిసును చదువుటవలన గూడ లాభమున్నది. ఎట్లు వ్రాయరాదో తెలియును.

ప్రశ్నను దూరదేశమునుండి దిగుమతి చేసికొననక్కఱలేదు. త్రాగునీటిలోని ఫ్లోరైడువలన నెముకలు వంగిపోవు వ్యాధిని మనదేశమున మొదట వర్ణించిన వ్యాసము 1937లో నెల్లూరు జిల్లాలోని పల్లెలను చూచి వ్రాసినది. బావి యూరిది, నొప్పి యూరివారిది, అడుగువాడొకడు కావలసివచ్చెను. మన పట్టణములలో నిట్టి ప్రశ్నలు వీధివీధికి పడియున్నవి.

కళాశాలలవారికి నా మనవి రెండు మాటలే. పరిశోధన చేయించు అధ్యాపకునకు పాఠముల గంటలు తగ్గింపుడు. ఒక్కనికి ముప్పదిమంది విద్యార్థుల నంటగట్టి పరిశోధనము చేయింపుమనుట హాస్యాస్పదము. ఆశించిన ఫలితము రాలేదని నిజము వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గింపకుడు. తగ్గించినంతకాలము వాడంకెలను దిద్దుచునే యుండును.

మా వీధి కుఱ్ఱవానితో నేను, టాపిక్కు కాదు, ప్రశ్న తెమ్మంటిని. రెండువారములకు వచ్చెను. తమ వార్డులోని బోరునీళ్ళలో నేది యెంత కఠినజలమో కొలుతునన్నాడు. కళాశాల ప్రయోగశాలలో ద్రాక్షరంగు నీలముగా మాఱు మామూలు పరీక్షయే, ఖర్చు తక్కువ. నలుబది బోర్ల నీరు సీసాలలో పట్టి, తేదీలు వ్రాసి, ఒక్కొక్కదానిని మూడేసిమార్లు పరీక్షించెను. ఇందుకు సంతోషించితిని. మొన్న మరల వచ్చినపుడు మొగము చిన్నబోయి యున్నది. "బాబాయిగారూ, అన్నీ బాగానే వచ్చాయి గాని, మార్కెట్టు వెనక బోరు ఒకటి రంగు సరిగా మారడం లేదండి. ఎన్నిసార్లు చేసినా అంతే. దాన్ని లిస్టులోంచి తీసేస్తే ముప్పైతొమ్మిది చక్కగా ఉంటాయి. తీసేయనా?" అనెను.

తీయవద్దంటిని. ఆ నీటిలో రంగును పట్టి యాపుచున్న లోహమేదైన నున్నదేమో తన అధ్యాపకు నడుగుమని పంపితిని. సోమవారము మరల నీరు పట్టుటకు పోవుచున్నాడట.